బిడ్డ పుట్టిన తేదీ



మా ధర్మవరం వైపు మగ్గాల ఇండ్లలోను, సేద్యపు ఇండ్లలోను "పిల్లవానికి ఎన్నేండ్లు?" అని అడిగితే, పెద్దవారు కొందరు సంవత్సరము చెప్పరు. "వానలు లేని ఏడు పుట్టినాడు" అంటారు. బడిలో చేర్చేనాడు అయ్యవారు అంచనాగా ఒక తేదీ వేసుకుంటారు. ఇది చిన్న సంగతేనని మనము అనుకుంటాము. ఒక మనిషి ప్రాణము అటువంటి తేదీ మీదనే ఆధారపడిన సంగతి మీతో చెప్పాలని మేము కోరుచున్నాము.

1994లో పూణే నగరములో ఐదుగురు స్త్రీలు, ఇద్దరు పిల్లలు హత్యకు గురైనారు. ఆ స్త్రీలలో ఒకామె గర్భవతి. ఆ కేసులో పట్టుబడినవారిలో రాజస్థాన్‌లోని బికనీర్ జిల్లాకు చెందిన నిరానారాం ఒకడు. కోర్టు కాగితములలో అతని పేరు నారాయణ్ అని పడినది. పెద్దవానిగానే లెక్కించినారు. 1998లో ఉరిశిక్ష పడినది. 2000లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచినది.

అయితే అతడు చదివిన ఊరిబడి రిజిస్టరులో జన్మతేదీ 1982 ఫిబ్రవరి 1 అని ఉన్నది. అంటే నేరము జరిగిన నాటికి అతనికి పన్నెండున్నర ఏండ్లు. అప్పటి 1986 చట్టము ప్రకారము కూడ 16 ఏండ్లు నిండని మగపిల్లవానికి ఉరిశిక్ష వేయరాదు. 2019లో సుప్రీంకోర్టు అతని వయస్సుపై విచారణ చేయించినది. 2023 మార్చి 27న అతడు ఆనాడు బాలుడేనని తేల్చి విడుదల చేయుమన్నది. అప్పటికి జైలులో 28 ఏండ్లు దాటినవి.

చనిపోయిన ఏడుగురి ఇంటివారి దుఃఖము ఈ తీర్పుతో తీరలేదు. నేరము చిన్నదని మేము చెప్పుట లేదు. కాని పసివానిని పెద్దవాడని ఎంచి ఉరికంబము చూపుట కూడ న్యాయము కాదు గదా!

మరి మన బిడ్డల సంగతి ఏమి? నేటి 2015 చట్టము ప్రకారము వయస్సు తేల్చుటకు మొదట చూచేది బడి ఇచ్చిన జన్మతేదీ పత్రము, లేక పదవ తరగతి సర్టిఫికెట్టు. అవి లేకుంటే పంచాయతీ లేక మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రము. అదియు లేకుంటే ఎముకల పరీక్ష వంటి వైద్య పరీక్ష. బాప్తిస్మపు రిజిస్టరు ఈ వరుసలో లేదు. మన ఇండ్లలో పిలుచుకొనే పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి, బడి పేరు మరొకటి ఉండుట మామూలే. ఆపద వచ్చిననాడు ఇవన్నియు ఒక్క బిడ్డవేనని ఎవరు సాక్ష్యమిస్తారు?

కాబట్టి తల్లిదండ్రులారా, బిడ్డ పుట్టిన 21 దినములలోపు జననము నమోదు చేయించండి. బడిలో ఆ పత్రము చూపి అదే పేరు, అదే తేదీ వ్రాయించండి. సంఘ పెద్దలు ఇండ్లు దర్శించునప్పుడు, చదువురాని తల్లులను ఈ ఒక్క మాట అడిగి, అవసరమైతే వారి వెంట పంచాయతీ ఆఫీసు వరకు నడవండి.