వ్రాసుకొనని పేర్లు

దక్షిణ కాలిఫోర్నియా పర్వతాలలో లాస్ కయోటీస్ అని ఒక చిన్న ఆదివాసి గ్రామసీమ ఉన్నది. కహుయియా జాతివారు నివసించే నేల అది. 1920లో అక్కడ జన్మించిన కేథరిన్ సివా సాబెల్‌కు బడిలో చేరేనాటికి ఇంగ్లీషు రాదు. ఇంటి భాషే తెలుసు. తల్లి చెప్పిన మొక్కల పేర్లను, ఉపయోగాలను హైస్కూలు రోజులనుండే ఆమె వ్రాసిపెట్టుకున్నది. సింధూరపు కాయలను దంచి, ఆ పిండిని పలుమార్లు నీట కడిగి, వగరు పోగొట్టి జావ కాచుకోవడం వారి వంట. ఇటువంటి విషయాలన్నీ 1972లో, మానవశాస్త్రజ్ఞుడు లోవెల్ బీన్‌తో కలసి ఆమె రచించిన ‘తెమల్పాఖ్’ గ్రంథంలో చేరినవి. 2011లో ఆమె కన్నుమూసింది, పేర్లు మిగిలినవి.

ఇది చదివి నేను సిగ్గుపడ్డాను. మా నానీ పెరటిలోని ప్రతి ఆకుకూ ఉర్దూలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు చెప్పేది. ఎం.ఏ. చదివే రోజులలో నిఘంటువులెన్నో తిరగవేశాను గాని, ఆమె మాట ఒక్కటైనా వ్రాసుకొనలేదు. (పరీక్షలో అడగరు గదా!) ఇప్పుడామె లేదు. మా పెద్ద ఖాలాకు కొన్ని గుర్తున్నవట. వేసవి సెలవులు రాగానే నోటుపుస్తకంతో ఆమె యింటికి బయలుదేరుతున్నాను.