తులసీ సరస్సు నుండి మనోరీ ఖాడీ వరకు

ముంబయి మహానగరమునకు ఉత్తరమున, కోటికి మించిన జనుల నివాసముల సరసనే, సుమారు 104 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన కొండలయడవి కలదన్న సంగతి, అచ్చట ఏండ్ల తరబడి కాపురమున్నవారిలో సయితము అనేకులకు తెలిసియు తెలియనట్లే యుండును. సంజయ్ గాంధీ జాతీయోద్యానమని పిలువబడు ఆ యడవిలో, నగరపు దాహము తీర్చుటకై 1879లో నిర్మింపబడిన తులసీ సరస్సు చెంత, దహిసర్ నది పుట్టుచున్నది. దాని నిడివి పండ్రెండు కిలోమీటర్లు మాత్రమే. గోదావరి యొడ్డున పెరిగినవారు దీనిని నది యనుటకు సంకోచింపవచ్చును. నేనును మొదట సంకోచించితిని.

అనుమతి లేనిదే సరస్సు దరికి పోరాదు గనుక, ఆషాఢమున తొలివానలు కురిసి వెలిసిన యొక యుదయమున, ఆ యడవిలోనిదే యగు కన్హేరీ కొండ యెక్కి పైనుండియే దానిని చూచితిని. ఆ వాలుల నిండ కారవి పొదలు. ఎనిమిదేండ్లకొక్కసారి కొండంతయు ఊదారంగున పూచి, విత్తు రాల్చి, ఎండిపోవు మొక్క యిది. 2016లో పూచినది మరల 2024లో పూచెను. గిరిజనులు దాని కఱ్ఱలను తడికగా నల్లి, మట్టియు పేడయు మెత్తి గుడిసెగోడలు నిలుపుకొందురు. తడిసిన నల్లరాతిపై కాలు జాఱినపుడు నాకు చేయూతయైనదియు ఆ కారవియే.

కన్హేరిలో నూటికి పైగా బౌద్ధగుహలు కలవు. చూడవచ్చినవారు మూడవ గుహలోని చైత్యమును, దాని వసారాలో నిలిచిన నిలువెత్తు బుద్ధమూర్తులను చూచి మరలిపోవుదురు. నా మనస్సు మాత్రము నీటితొట్ల వద్దనే నిలిచిపోయినది. ప్రతి గుహవాకిట, రాతినేల క్రింద తొలిచిన తొట్టి. ఆ తొట్టిలోనికి వాననీటిని చేర్చుటకై కొండనొసట గీచినట్లు చెక్కిన సన్నని కాలువ. ఏడాదిలో నాలుగు నెలలు మాత్రమే కురియు వానను తక్కిన యెనిమిది నెలలకు దాచుకొన్న ఆ భిక్షువుల నేర్పును తలచి, వంగి, దోసిట నీరు తాకి చూచితిని, చల్లగానుండెను. అట్టి యొక తొట్టికడనున్న శాసనము మనవారికి ఆత్మీయమైనది. శాతవాహనరాజు వాసిష్ఠీపుత్ర శాతకర్ణి దేవేరి, మహాక్షత్రప రుద్రదాముని కూతురని చరిత్రకారులు తలచు కార్దమక వంశజ, ఆమె పక్షమున శతేరకుడను అమాత్యుడు పానీయభాజనమును దానమిచ్చెనని అందు సంస్కృతమున చెక్కబడినది. శాతవాహనులకును క్షత్రపులకును జరిగిన యుద్ధములను బడిలో చదివితిమి గాని, ఆ రెండు కులములను కలిపిన యువతి పేర దప్పిగొన్నవారికి నీరు పోసిరని మనకెవ్వరును చెప్పలేదు.

కన్హేరీ లోయలోని వాగులను కలుపుకొని, మోదుగుల నీడను, టేకుల నీడను, చిరుతపులులు నీరుద్రావు మడుగుల మీదుగా, దహిసర్ వాయవ్యముగా సాగును. ఉద్యానపు ద్వారము దాటువరకు దాని యడుగున గులకఱాళ్లు కనబడుచునే యుండును.

ద్వారము దాటి, రహదారి వంతెన క్రిందుగా నగరములో చొచ్చినంతనే గోడలు దానిని ఇరువైపుల నొత్తివేయును. పశువులశాలల పేడయు, ఇండ్ల మురుగును, చెత్తయు దానిలో కలియుచున్నవి. రెండుగంటల క్రిందట నేను దోసిట తాకిన నీటికి తోబుట్టువే యిదియని నమ్ముటకు మనసొప్పలేదు, దుఃఖమును గలిగినది. 2005 జులై 26న, ముంబయిలోని సాంతాక్రూజ్ లో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు, తన చోటు కోల్పోయిన యీ చిన్ననది గట్లు దాటి ఇండ్లలోనికి వచ్చెను.

దహిసర్ పాతయూరు దాటిన పిదప మడచెట్లు మొదలగును. మరాఠీవారు ఖాడీ యను సముద్రపుపాయ, మనోరీ ఖాడీ, అచ్చట నదిని అందుకొనుచున్నది. నేను చేరునప్పటికి సాయంకాలపు పోటు. సముద్రము లోనికి వచ్చుచుండగా నది ముందునకు పోజాలక, వెనుకకు మరలజాలక, మడల వేళ్లనడుమ నల్లగా నిలిచియుండెను. కొంగ యొకటి నీటినే చూచుచుండెను. తూర్పున, కన్హేరీ కొండపై వానమబ్బు దిగుచుండెను.