మేకు కొట్టరాని నేల

అమెరికా అనగానే మన కళ్ళకు కట్టేవి ఆకాశాన్నంటే మేడలు. అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ పట్నం నుంచి ఉత్తరంగా బయలుదేరి, కామెరాన్ దాటి, ట్యూబా సిటీ వైపు తిరిగి చూడండి. ఎటు చూచినా ఎర్రని దిబ్బలు, రంగురాళ్ళ గుట్టలు, ఎక్కడో ఒక ఇల్లు. ఇది నవాహోల సీమ. దుంగలూ మట్టీ కలిపి కట్టే వారి పాతకాలపు ఇంటిని హోగన్ అంటారు. దాని వాకిలి తూర్పుకే వుండాలి.

ఈ సీమలో కరెంటూ కుళాయీ లేని ఇళ్ళు నేటికీ వున్నవి. అందుకు బీదరికం ఒక్కటే కారణం కాదు; ఒక హుకుం కూడా కారణం.

నవాహోలకూ, పొరుగువారైన హోపీలకూ ఈ నేల విషయమై తగవు. 1934 నాటి చట్టం ఎవరి వాటా ఎంతో తేల్చలేదు. 1966లో ఇండియన్ వ్యవహారాల కమిషనర్ రాబర్ట్ బెనెట్, తగవు తీరేదాకా ఎవరూ ఏమీ కట్టరాదన్నాడు. ఆయనా ఆదివాసియే, ఒనైడా తెగవాడు! దాదాపు 15 లక్షల ఎకరాలలో, రెండు తెగలూ ఒప్పుకోనిదే రోడ్డు లేదు, నీటి గొట్టం లేదు. కారే కప్పు బాగుచేసుకోవడానికీ వీల్లేదు. హోపీల భయమూ అర్థం లేనిది కాదు. చుట్టూ నవాహో భూమే, తమ పూర్వుల పుణ్యస్థలాలు చేజారుతాయని వారి బెంగ. పేజ్ పట్నం దగ్గరి బొగ్గు విద్యుత్కేంద్రం మాత్రం 2019 దాకా నడిచింది. దాని తీగలు నవాహోల భూమి మీదుగానే దూరపు నగరాలకు పోయేవి. దీపం కింద చీకటి అంటే ఇదే గదా!

2006లో తెగలు రాజీపడ్డాయి. 2009లో ఒబామా సంతకంతో నిషేధం చట్టరీత్యా రద్దయింది. అప్పటికి 43 ఏళ్ళు గడిచాయి.

ఇక కట్టుకోవడమే తరువాయి అంటారేమో. ట్యూబా సిటీ దగ్గర గొర్రెలు కాచుకునే ఒక ముసలమ్మను అదే అడిగాను. మనుమడు ఆమె మాట నాకు ఇంగ్లీషులో చెప్పాడు:

"కట్టుకునే వయసులో వద్దన్నారు నాయనా. పిల్లలు పట్నాలలో కాపురాలు పెట్టారు. ఇప్పుడు కట్టినా ఎవరు వుంటారు?"

మనుమడు నవ్వి, "నేనుంటానులే అవ్వా," అన్నాడు.

అతడు ఇంటిస్థలం కౌలుకు దరఖాస్తు పెట్టాడట. సర్వే కావాలి, పురావస్తు పరీక్ష కావాలి, ఆ బీట్లో మేపుకునే హక్కున్నవారి సమ్మతి కావాలి. నేల సర్కారు ట్రస్టులో వున్నది కనుక తాకట్టు పెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుకోవడమూ కష్టమే. నీళ్ళు పీపాలకెత్తి పికప్ బండి మీద తెచ్చుకోవాలి. కామెరాన్ చుట్టుపక్కల పాత యురేనియం గనుల పుణ్యమా అని కొన్ని బావుల నీళ్ళు తాగడానికి పనికిరావు.

అయినా పని మొదలయింది. 2019లో 'లైట్ అప్ నవాహో' పేర ఇతర రాష్ట్రాల లైన్‌మెన్ వచ్చి, నవాహో సీమలోని ఇళ్ళకు స్తంభాలు పాతి దీపాలు వెలిగించడం ఆరంభించారు.

సంతకం నిషేధాన్ని తొలగించగలదు గాని ఊరిని నిలబెట్టలేదు. కరిగిన గోడను మళ్ళీ లేపవచ్చు. వెళ్ళిపోయిన తరాన్ని వెనక్కు పిలవాలంటే మాత్రం ముందు నీళ్ళూ, దారీ, దీపమూ వుండాలి. అవి ఇవ్వడమే అసలైన పరిహారం.