మోటారు సైకిలు ఎర్తు తీగె

వార్షిక సంచికకు ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, విద్యుచ్ఛక్తినిగూర్చి నేనేదియో గంభీరముగా వ్రాయుదునని పదియవ తరగతి విద్యార్థులు తలంచి యుందురు. ఆ పాఠమును నేను ఏటేట నల్లబల్లమీద చెప్పుచునే యున్నాను. ఇప్పుడు వ్రాయబోవునది నేను చెప్పిన పాఠము గాదు, నాకు చెప్పబడిన పాఠము. దానిని చెప్పినవాడు ఎనిమిదవ తరగతితో చదువు చాలించిన ఒక వృద్ధ మెకానిక్కు. చెప్పిన స్థలము కాలువగట్టుననున్న ఒక రేకుల పాక.

మా యూరికిని రైలు స్టేషనునకును నడుమ పది కిలోమీటర్ల బాట యున్నది. పశ్చిమ గోదావరి డెల్టాలోని బాటలవలెనే అదియు ఒక ప్రక్క కాలువ, మఱియొక ప్రక్క చేపల చెఱువులు గలిగి, నడుమ సన్నని గట్టుమీద సాగును. వీధిదీపములు లేవు. అందుచేత గత సంవత్సరము వేసవి సెలవులలో నా మోటారు సైకిలునకు ఒక అదనపు దీపమును, గట్టిగా మ్రోగు హారనును, సెల్‌ఫోనునకు చార్జరును అమర్చుకొంటిని. శాస్త్రోపాధ్యాయుడను గదా, ఈ స్వల్పకార్యమునకు మఱియొకరి సహాయమెందులకని స్వయముగనే పనికి పూనుకొంటిని.

బ్యాటరీ ధనధ్రువమునుండి వచ్చు ఎఱ్ఱతీగె విషయమున నేను చూపిన శ్రద్ధ యింతయంత గాదు. దానికి ఫ్యూజు పెట్టితిని, గొట్టము తొడిగితిని, వేడి తగులని త్రోవను వెదకి నడిపితిని. నల్లతీగెల విషయమున మాత్రము రెండు నిమిషములైన ఆలోచింపనైతిని. చూపునకు ఒద్దికగా నుండునని, ముందుదీపముయొక్క ఎర్తు తీగెను కూడ దాని చోటునుండి విప్పి, నల్లతీగెల నన్నిటిని కలిపి మెలిపెట్టి, దీపపు బ్రాకెట్టు మీది ఒక బోల్టు క్రింద బిగించితిని. ఆ బ్రాకెట్టునకు నిగనిగలాడు నల్లరంగు పూసియున్నది. మీట నొక్కగానే దీపములు వెలిగినవి. నా పనితనమునకు నేనే మెచ్చుకొంటిని.

ఆగస్టు మాసమునకు కొన్ని చిహ్నములు కానవచ్చినవి. హారను నొక్కినప్పుడెల్ల దీపములు మసకబాఱుచుండెను. గోతిలో బండి ఎగిరిపడినప్పుడు చార్జరు ఆగి మరల పనిచేయుచుండెను. బ్యాటరీ పాతబడినదని నిశ్చయించి క్రొత్తది కొంటిని. ఒక వారము బాగున్నట్లు తోచినది, పిమ్మట యథాప్రకారమే. రోగము కాలిలో నుండగా తలకు లేపనము పూసినట్లయ్యెను.

నవంబరు మాసమున, వాన వెలిసిన యొక రాత్రి, అమ్మమ్మగారి యింటినుండి వచ్చుచున్న మా అమ్మాయిని తీసికొని వచ్చుటకై స్టేషనునకు పోయితిని. ఆమె అప్పుడు మన పాఠశాలలోనే పదియవ తరగతి చదువుచుండెను. తిరుగుదారిలో తూము దగ్గఱి మలుపునకు రాగానే చక్రము ఒక గోతిలో పడెను. తక్షణమే దీపములు రెండును ఆఱిపోయినవి. హారను నొక్కితిని, మ్రోగలేదు. ఇంజను మాత్రము ఆగలేదు. చీకటిలోనికి మమ్ము మోసికొని పోవుచునే యుండెను. బ్రేకులు రెండును బలముగా నొక్కితిని. బండి ప్రక్కకు జారి, గట్టు అంచున గడ్డిలో ఆగెను. ముందుచక్రము క్రిందనుండి ఒక రాయి దొర్లి, నీటిలో పడిన చప్పుడు మాకు వినబడినది. ఆ చప్పుడు నేటికిని నా చెవులలో నున్నది.

కొంతసేపు ఇద్దరము మాటలాడలేదు. తరువాత మా అమ్మాయి నా భుజము విడువకయే, "నాన్నా, ఇంజను ఆడుతూనే ఉంది గదా, మఱి దీపాలు రెండూ ఒక్కసారే ఎందుకు పోయినై?" అని యడిగెను. అడుగవలసిన ప్రశ్న అదియే. తరగతిలో నేనే ఆ ప్రశ్న వేసియుందును. ఆ రాత్రి నాయొద్ద సమాధానము లేదు. సెల్‌ఫోను దీపమును చూపుకొందమన్న, చార్జరు పనిచేయనందున అదియు పావుగంటలో ఆఱిపోయెను. బండిని త్రోసికొనుచు, గట్టు నడుమనే నడచుచు, మెకానిక్కు పాక చేరునప్పటికి పదిగంటలు దాటినది.

వృద్ధుడు పండుకొనబోవుచున్నవాడు లేచివచ్చెను. ఏమి జరిగినదో విని, బ్యాటరీవైపు చూడనైన చూడలేదు. ఒక పొడుగాటి తీగె తెచ్చి, దాని యొక కొనను బ్యాటరీ ఋణధ్రువమున కంటించి, రెండవ కొనను నేను మెలిపెట్టిన నల్లతీగెల ముడికి తాకించెను. దీపములు రెండును భగ్గున వెలిగినవి! నేను బండి కొన్ననాడు కూడ అంత వెలుగు చూచి యెఱుగను.

"మాష్టారుగారూ, కరెంటు వెళ్లేదారి బాగా చూసుకున్నారండీ. తిరిగొచ్చేదారి చూసుకోలేదు" అని యతడు నవ్వెను. మా అమ్మాయియు నవ్వెను. నేను నవ్వలేకపోతిని.

పిమ్మట అతడు ఆ బోల్టును విప్పి చూపించెను. బ్రాకెట్టు రంగు చెక్కుచెదరలేదు. నా తీగెల కొనలు రంగుమీదనే కూర్చున్నవి. బోల్టు మరచుట్లు మాత్రమే లోహమును తాకుచు ఇన్ని నెలలు పని జరిపినవి. వానకాలపు తేమకు ఆ మరలును ఎఱ్ఱని తుప్పు పట్టినవి. ఇంజను నిప్పురవ్వకు ఎర్తు వేఱొకచోట నున్నందున అది ఆగలేదు. దీపములకును హారనునకును చార్జరునకును తిరుగుదారి ఒక్కటే యగుటచే నన్నియు నొక్క క్షణమున పోయినవి. మా అమ్మాయి ప్రశ్నకు సమాధానమిది.

ఇచ్చట విద్యార్థులు ఒక సంగతి గమనింపవలెను. ఎర్తు అను మాట వినగానే విద్యుత్తు భూమిలోనికి పోవునని తలంతురు. మన యిండ్లలోని ఎర్తు నిజముగా నేలలో పాతినదే. కాని మోటారు సైకిలు రబ్బరు చక్రములపై నిలిచియుండును. దానికి భూమితో పనిలేదు. బ్యాటరీ ఋణధ్రువమును బండియొక్క ఇనుప చట్రమునకు కలిపి, ఆ చట్రమునే తిరుగుతీగెగా వాడుకొందురు. ఇదియే బండియొక్క ఎర్తు. పూర్వము కొన్ని ఇంగ్లీషు బండ్లలో ధనధ్రువమునే చట్రమునకు కలిపెడివారు. నేటి బండ్లలో ఋణధ్రువమే.

ఆ రాత్రి వృద్ధుడు తుప్పు బోల్టును తాత్కాలికముగా మరల బిగించి, దీపములు వెలిగించి, మల్టీమీటరుతో కొలిచెను. బ్యాటరీ ఋణధ్రువమునకును నా తీగెల ముడికిని నడుమ 1.5 వోల్టులు చూపినది. దీపములగుండ సుమారు 5 ఆంపియర్ల ప్రవాహమున్నది. 1827లో తన సూత్రమును గ్రంథరూపమున ప్రకటించిన ఓము పండితుడు కూడ బడిపంతులే. ఆయన సూత్రము ప్రకారము 1.5ను 5చే భాగింప 0.3 ఓములు వచ్చును. మూడు పదవ వంతుల ఓము! పరీక్షలో ఏ విద్యార్థియైన దీనిని లెక్కలోనికి తీసికొనకున్న నేను కూడ క్షమింతునేమో. కాని 12 వోల్టులలో ఎనిమిదవ వంతు అచ్చటనే పోవుచున్నది. ఫిలమెంటు దీపము వెలుగు వోల్టేజితోపాటు సమానముగా తగ్గదు. అంతకంటె మిక్కిలి వేగముగా తగ్గును. ఎనిమిదవ వంతు వోల్టేజి పోయినచో మూడవ వంతునకు పైగా వెలుగు పోవును. పోయిన శక్తి యేమగును? ఆ బోల్టువద్ద ఏడున్నర వాట్ల వేడియై, తుప్పును మఱింత పెంచును. తుప్పు పెరిగినకొలది నిరోధము పెరుగును. కడకు ఒక గోయి చాలును.

ఎర్తునకు ఎట్టి చోటు తగునో, ఎట్టిది తగదో అతడు చెప్పినదానిని, తరువాత నేను పరీక్షించి తెలిసికొన్నదానిని చేర్చి వ్రాయుచున్నాను. హ్యాండిలును, ముందుదీపపు బ్రాకెట్టును నమ్మరాదు. వానికిని చట్రమునకును నడుమ గ్రీజు పూసిన గుండ్ల బేరింగులున్నవి. కొన్ని బండ్లలో హ్యాండిలు రబ్బరు దిమ్మలపై కూర్చుండును. అందుచేతనే తయారుచేయువారు ముందుదీపమునకు వేఱుగా ఎర్తు తీగెను వెనుకకు నడిపింతురు. నేను విప్పివేసినది ఆ తీగెనే! పెట్రోలు ట్యాంకు కూడ రబ్బరుపై నుండును, అది పనికిరాదు. బ్రేకులకు, ఇరుసులకు సంబంధించిన బోల్టులను ఎన్నడును ముట్టరాదు. ఎర్తు బాగుండుటకై బ్రేకు వదులైనచో లాభమేమి? పొగగొట్టము సమీపమున వేడి యెక్కువ. ప్లాస్టికు తొడుగులను బిగించు మరల వెనుక లోహమే యుండకపోవచ్చును. 2020 ఏప్రిలు నుండి వచ్చిన బండ్లలో పెక్కింట పెట్రోలును కంప్యూటరే కొలిచి పంపుచున్నది. దాని సెన్సారుల నల్లతీగెలకు మన దీపములను తగిలించినచో వాని కొలతలు తప్పిపోవును. కనుక నల్లగా కనబడిన తీగెనెల్ల ఎర్తని తలంపరాదు.

అన్నిటికంటె నమ్మకమైన చోటు బ్యాటరీ ఋణధ్రువమే. తరువాతిది, ఆ ధ్రువమునుండి వచ్చు లావు తీగెను చట్రమునకు గాని ఇంజనుకు గాని బిగించిన బోల్టు. అదనపు సామానులు రెండు మూడున్నచో, ఋణధ్రువమునుండి ఒక లావైన తీగెను సీటు క్రింద నొక ఇత్తడి బద్దకు తెచ్చి, అన్నిటిని అచ్చట కలుపుట మేలు. ఎఱ్ఱతీగె యెంత లావో నల్లతీగెయు నంత లావుండవలెను; పోయిన ప్రవాహమంతయు తిరిగి రావలసినదే గదా.

చట్రముమీదనే బిగింపవలసివచ్చినచో, మొదట బ్యాటరీ ఋణధ్రువపు తీగెను విప్పవలెను; పని ముగిసిన తరువాత దానిని కడపట బిగింపవలెను. బోల్టు చుట్టును రంగును గరుకు కాగితముతో గీకి, మెఱయు లోహమును బయల్పఱుపవలెను. తీగె కొనకు ఉంగరమువంటి లగ్గు నొక్కి, పండ్లుగల వాషరు వేసి బిగించి, పైన వాజిలీను పూసినచో తేమ చొరదు. సముద్రపుగాలి తగులు ఊళ్లలో ఈ కడపటి పనిని మఱువరాదు.

ఇక పరీక్ష. మల్టీమీటరును ఓములపై పెట్టి చూచినచో నిజము తెలియదు. అది పంపు ప్రవాహము అత్యల్పము. ఒక్క పోగు ఆనియున్నను బాగున్నదనియే చెప్పును. దీపములన్నియు వెలిగించి, హారను నొక్కుచు, ఋణధ్రువమునకును దీపపు నల్లతీగెకును నడుమ వోల్టులను కొలువవలెను. పదవ వంతు, మించిన రెండు పదవ వంతుల వోల్టులకంటె ఎక్కువ యుండరాదు. భారము మోయునప్పుడే బాట బలము తెలియును.

వృద్ధుడు ఆ రాత్రియే క్రొత్త తీగె వేసెను. మరల కొలిచినప్పుడు మీటరు పదవ వంతు వోల్టునైన చూపలేదు. కూలి ఎంతయని యడుగగా నతడు, "తీగె డబ్బులియ్యండి చాలు. పిల్లను జాగర్తగా ఇంటికి తీసికెళ్లండి" అనెను. నేనిచ్చినది అంతకు కొంచెము ఎక్కువ. తీసికొన్నది దానికంటె ఎన్నోరెట్లెక్కువ.

ఆ తుప్పుపట్టిన బోల్టు ఇప్పుడు మన ప్రయోగశాలలో నా బల్లమీద నున్నది. వలయము పాఠము వచ్చినప్పుడు దానిని పిల్లల చేతికిచ్చి, ఒక బ్యాటరీతోను దీపముతోను కలిపి కొలువుమందును. మొదటి దినమున దానిని కొలిచినది మా అమ్మాయియే. 0.3 ఓములని పుస్తకములో వ్రాసి, దాని క్రింద గీత గీచి, నావైపు చూచి యూరకుండెను. ఆ లెక్కకు నేను పూర్తి మార్కులు వేసితిని.

— శాస్త్రోపాధ్యాయుడు