వడ్డీకి జైలు లేదు

మా వదిన బ్యాంకులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైంది. ఖాళీగా కూర్చోలేక, నెలకు రెండుసార్లు చంచల్‌గూడ మహిళా జైలుకి వెళ్ళి అక్కడి ఆడవాళ్ళకి డబ్బు సంగతులు చెప్తోంది. "చార్టులు పట్టుకోవడానికి ఓ మనిషి కావాలి, రా" అంటే నేనూ బయల్దేరాను.

గేటు దగ్గర ఫోన్లు ఇచ్చేసి లోపలికి వెళ్తుంటే భయమేసింది. తీరా చూస్తే, అక్కడ కూర్చున్నవాళ్ళు మన వీధిలో కూరల బండి దగ్గర కనబడేవాళ్ళలాగే ఉన్నారు. ఏ కేసని అడగకూడదని వదిన ముందే చెప్పింది.

ఇంట్లో ప్రాక్టీసు చేసుకున్న పాఠం మొదలెట్టాను, వచ్చినదాంట్లో పదోవంతు దాచుకోవాలని. ఒకావిడ నవ్వేసింది. "దాచడం మాకు తెలుసమ్మా. దాచింది మా ఆయన చేతికి చిక్కకుండా ఎలాగో చెప్పు!" అందరూ గొల్లుమన్నారు. నేను చార్టు చుట్టేసి వదినకి చోటిచ్చాను. "నీ పేరు మీద ఒక్కదానివే ఖాతా తెరువు, ఏటీఎం పిన్ను ఎవరికీ చెప్పకు" అంది వదిన.

అప్పుడు వెనక వరసలోంచి ఒకామె మెల్లగా అడిగింది. ఇంకో నెలలో విడుదలట. రెండేళ్ళ కింద లాయరు ఫీజు కోసం తమ్ముడు ఆమె గొలుసు తాకట్టు పెట్టి 30,000 తెచ్చాడు, నూటికి మూడు రూపాయల వడ్డీకి.

"నేను లోపలున్నన్నాళ్ళూ వడ్డీ ఆగుతుంది కదమ్మా?"

నాకు నోట మాట రాలేదు. వదిన మాత్రం పక్కకొచ్చి కూర్చుని, "ఆగదు తల్లీ. లెక్కేద్దాం" అంది. నెలకు 900. రెండేళ్ళకి 21,600. "మొత్తం 51,600" అని నాకంటే ముందు ఆమే చెప్పింది. సంతకం పెట్టడం రాని మనిషి! చెప్పి తల దించుకుంది.

వదిన ఓదార్చలేదు, దారి చెప్పింది. తాకట్టు రసీదు ఎవరి దగ్గరుందో ములాఖత్‌లో తమ్ముణ్ణి అడగమంది. కట్టిన ప్రతి రూపాయికీ కాగితం తీసుకోమంది. గొలుసు విలువ బాకీకి మించి ఉంటే విడిపించి బ్యాంకులో పెట్టుకోమంది, అక్కడ వడ్డీ నూటికి రూపాయికి అటూఇటూగా ఉంటుందని.

"నా ఖాతా మూడేళ్ళుగా ముట్టుకోలేదు. ఆ డబ్బు పోయినట్టేనా?" ఇంకొకామె.

"ఎక్కడికీ పోదు. రెండేళ్ళు లావాదేవీ లేకపోతే పక్కన పెడతారంతే. ఆధార్ పట్టుకెళ్ళి కేవైసీ ఇస్తే మళ్ళీ నడుస్తుంది. అందుకు చార్జీ తీసుకోకూడదని రిజర్వు బ్యాంకు రూలు పెట్టింది. నీ డబ్బుకి వడ్డీ కూడా పడుతూనే ఉంటుంది."

"అయితే మన డబ్బు మీదా ఆగదన్నమాట!" అంది గొలుసావిడ. ఆమె మొహంలో నవ్వు చూడ్డం అదే మొదలు.

ఇంటికొచ్చాక మావారిని అడిగాను, నా పాస్‌బుక్కు ఎక్కడని.

"బీరువాలో ఉంటుంది. నీకెందుకిప్పుడు?"

వెతికి తీశాను. చివరి ఎంట్రీ 2021లోది. పిన్ను ఆయనకే తెలుసు. నామినీ ఎవరో నాకే తెలీదు. పొద్దున్న చార్టు పట్టుకుని పాఠం చెప్పబోయింది నేనే!

రేపు ఆధార్ పట్టుకుని బ్యాంకుకి వెళ్తున్నాను. మీరూ వంటయ్యాక ఓసారి బీరువా తెరిచి చూసుకోండి.