పెట్టె కొలతలు

గుంటూరులో శవపేటికలు చేస్తాను. మా క్రైస్తవ సంఘాల్లో వాటిని పెట్టెలనే అంటారు. ఫోను అర్ధరాత్రి వచ్చినా, తెల్లవారుజామున వచ్చినా నేను ముందుగా అడిగేది మనిషి ఎత్తు. ఆ తర్వాత భుజాల వెడల్పు. ఎత్తుకు నాలుగంగుళాలు కలుపుకుని చెక్క కోస్తాను. భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్లవైపు సన్నంగా వస్తుంది. లోపల దూది పరిచి తెల్లగుడ్డ, బయట నల్లగుడ్డ, మూత మీద జరీ అంచుతో సిలువ. మూతకు మేకులు మాత్రం సమాధి దగ్గరే, అందరూ కడసారి చూసుకున్నాక కొడతాం.

ఒకసారి అన్న పోయాడని తమ్ముడొచ్చాడు. "ఎత్తెంత బాబూ?" అన్నాను. చెయ్యి తన చెవి దాకా ఎత్తాడు, మళ్లీ భుజం దాకా దించాడు. "తెలీదు బాబాయ్. మాట్లాడుకోక చాలా ఏళ్లయింది" అంటూ రంపప్పొట్టులోనే కూలబడ్డాడు. పొలం గట్టు తగాదా. ఇద్దరిదీ ఒకే గుడి. చెరో పక్కన కూర్చుని ప్రభుబల్లలో పాలుపంచుకున్నవాళ్లే.

చావు మాట ఎత్తితే అపశకునమంటారు. నేనొప్పుకోను. 90వ కీర్తనలో మోషే చేసిన ప్రార్థనంతా మనిషి రోజులు ఎంత కొద్దివో తలుచుకుంటూ చేసిందే. దాన్ని భూస్థాపన రోజున చదివి మూసేస్తే ఎలా? పునరుత్థానాన్ని నమ్మినవాడికి చావంటే భయం తగ్గాలి గానీ, చెయ్యాల్సిన పని మీద తొందర తగ్గకూడదు.

మా ఊరి కుగ్లర్ ఆసుపత్రి ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇదే అనుకుంటాను. అన్నా సారా కుగ్లర్ 1883లో అమెరికా నుంచి ఇక్కడికి వచ్చింది. ఆమె డాక్టరే అయినా మిషన్ వాళ్లు మొదట వైద్యం పని అప్పగించలేదు. మగ డాక్టరుకు చూపించుకోలేక ఆడవాళ్లు ప్రాణాల మీదికి తెచ్చుకునే రోజులవి. అనుమతి వచ్చేదాకా ఆగుదామని ఆమె కూర్చోలేదు, తనకు చేతనైనంతలో రోగులను చూడడం మొదలుపెట్టింది. 1898లో ఆసుపత్రి తెరిచింది. 1930లో కన్నుమూసేదాకా ఆమె బతుకంతా ఈ ఊరి ఆడవాళ్లదే.

నాకు వచ్చింది వడ్రంగం. అందుకే శనివారం మధ్యాహ్నం దుకాణం కట్టేసి, సంఘంలో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్తాను. ఊగే మంచం కోడు బిగిస్తాను, ఒక కీర్తన చదువుతాను. ఎవరితోనైనా మాట్లాడాలనుందా అని అడుగుతాను. మొన్న ఒక మామ్మ కోడలికి ఫోను కలపమంది. "నువ్వు తిన్నావా అమ్మా?" అని మొదలుపెట్టి, ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. కోడలు సాయంత్రం బస్సుకే తెనాలి నుంచి వచ్చేసింది. ఆ పక్క వీధిలో పెద్దాయన మాత్రం కొడుకు పేరెత్తితే గోడవైపు తిరిగిపోతాడు. ఈ శనివారం మళ్లీ వెళ్తున్నాను.