డెబ్బై తొమ్మిదేళ్ల మనిషికి టికెట్టా?

2017 మార్చిలో అమెరికాలో తెలుగువాళ్లు ఏ ఇంట్లో నలుగురు కూడినా ఒకటే పంచాయితీ. గాయకుడు ఎస్పీ బాలు పాటకు యాభై ఏళ్లు నిండాయని కొడుకు చరణ్ ప్రపంచ యాత్ర పెట్టాడు. ముందటేడు ఆగస్టులో టొరంటోలో మొదలై, రష్యా, శ్రీలంక, మలేసియా, సింగపూర్, దుబాయ్ చుట్టి అమెరికాకు చేరింది. సియాటిల్, లాస్ ఏంజెలెస్ కచేరీలు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే సంగీత దర్శకుడు ఇళయరాజా లాయరు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా రాజా పాటలు వేదికల మీద పాడొద్దని బాలుకు, చరణ్‌కు, గాయని చిత్రకు, నిర్వాహకులకు అందరికీ తాఖీదు. బాలు రచ్చ చేయలేదు. చట్టం అదే అయితే ఆ పాటలు పాడం, కార్యక్రమం మాత్రం ఆగదు అన్నాడు.

ఇక న్యూజెర్సీలో మా ఎడిసన్ వైపు ఇళ్లలో లెక్కలు మొదలయ్యాయి. టికెట్లు కొన్నవాళ్లు, కొనబోయేవాళ్లు, కొనే ఉద్దేశమే లేకుండా వాదన కోసం వచ్చిన నాలాంటివాళ్లు. డెబ్బై ఏళ్ల గొంతు, పైగా రాజా పాటల్లేవు, ఇంకేం మిగిలిందని ఒక పక్షం. దానికి ఒక విశాఖపట్నం ఆయన గట్టి జవాబే చెప్పాడు. బాలు మొదటి పాట 1966 డిసెంబరులో కోదండపాణి దగ్గర పాడాడు. రాజా మొదటి సినిమా 'అన్నకిళి' 1976లో వచ్చింది. నడుమ పదేళ్లు బాలు ఖాళీగా కూర్చున్నాడా? ఆ తర్వాత కూడా 'మరోచరిత్ర' సంగీతం విశ్వనాథన్‌ది, 'శంకరాభరణం' మహదేవన్‌ది. సత్యం, చక్రవర్తి, రమేష్ నాయుడు ఉన్నారు. తమిళులకు కొంప మునిగితే మునగొచ్చు గానీ మనకేం లోటు అన్నాడు. బాగానే ఉంది. కానీ పక్కనున్నావిడ నెమ్మదిగా ఇంకో లెక్క తీసింది. తెలుగు పాటకు బాలుకు మూడు జాతీయ అవార్డులు వచ్చాయి. 'శంకరాభరణం' తీసేస్తే మిగతా రెండూ, 'సాగర సంగమం', 'రుద్రవీణ', ఎవరి సంగీతం? కాసేపు అందరం చాయ్ మీద పడ్డాం.

నోటీసు సంగతి అడిగితే నా మాట ఇదీ: పాట కట్టినవాడికి ఆ పాట మీద డబ్బు రావడం న్యాయమే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ హక్కు గట్టిపరిచింది కూడా అందుకే. కానీ ఆ న్యాయాన్ని నలభై ఏళ్ల స్నేహితుడి దారిలో, అదీ యాత్ర నడుమ, అడ్డం పెట్టడం నాకు నచ్చలేదు. వాళ్లిద్దరూ తర్వాత కలిసిపోయారు. 2019లో రాజా పుట్టినరోజుకు చెన్నైలో జరిగిన కచేరీలో బాలు వచ్చి పాడాడు. మరుసటి ఏడు సెప్టెంబరు 25న పోయాడు.

ప్రవాసంలో పెద్ద కచేరీ అంటే హాకీ ఆడే ఎరీనా. 2013 ఫిబ్రవరిలో ఇళయరాజా మొదటిసారి కచేరీలకు అమెరికా వచ్చినప్పుడు మా నెవార్క్‌లో ప్రుడెన్షియల్ సెంటర్‌లో పాడించారు. హాకీ జట్టు ఆడే చోటు అది. అంత హాలు నిండాలంటే తమిళులూ తెలుగువాళ్లూ కలిసి రావాలి. కలిసి వచ్చాక ఎవరి భాష పాటలు ఎన్ని అన్న తగాదా తప్పదు. 2017 జూలైలో లండన్ వెంబ్లీలో రెహమాన్ తమిళ పాటలు ఎక్కువ పాడించాడని హిందీ శ్రోతలు కొందరు లేచిపోయారు, డబ్బు వాపస్ అడిగారు. రాజా దగ్గర ఈ తగాదా కొంచెం మెత్తగా ఉంటుంది. ఎందుకంటే రాజా సంగీతం చేసిన 'గీతాంజలి' మణిరత్నం తెలుగులో తీసిన సినిమా, తమిళంలోకి డబ్బింగయింది. ఆ సినిమా వరస ఎత్తుకుంటే ఎడమ పక్క కుర్చీల్లో ఒక భాష, కుడి పక్క ఇంకో భాష. ఎవరి పాట వాళ్లదే.

అసలు వాదన మాత్రం నేను మా ఊళ్లోనే విన్నాను. 2023 ఫిబ్రవరిలో సెలవు మీద భూపాలపల్లి పోయాను. అదే నెల 25, 26 తేదీల్లో హైదరాబాద్ గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా కచేరీ. పోదామన్నాను. మా బావ సింగరేణి బొగ్గుబాయిలో పని చేస్తాడు, ఇంకా కొన్నేళ్ల సర్వీసుంది. అన్నం ముందర కూర్చుని చెయ్యి ఆపి నన్ను చూశాడు.

"నీకు పైసలు ఎక్కువైనయా బామ్మర్ది? మాకు అరవై ఒకటి పడంగనే ఇగ బాయి దిగకు, ఇంట్ల కూసో అంటరు. గాయినకు డెబ్బై తొమ్మిదట. డెబ్బై తొమ్మిదేండ్ల మనిషిని సూసెటందుకు ఎదురు మనమే టికెట్టు కొనాల్నా?"

పైగా 26 ఆదివారం. ఆ రోజు ప్లేడే, అంటే సెలవు రోజు డ్యూటీ, పడితే రెండింతల జీతం. టికెట్టుకు ఆ డబ్బు కలిపి, కారు డీజిలు కలిపి, గచ్చిబౌలిలో తినే టిఫిను కలిపి, చివరికి ఒక అంకె చెప్పాడు. నేను డాలర్లలోకి మార్చి చూసుకుని నోరు మూసుకున్నాను. ఎడిసన్‌లో ఇదే లెక్కకు పార్కింగూ, పిల్లలను చూసుకునే మనిషి ఖర్చూ కలుపుతారు. అంతే తేడా.

మా మేనల్లుడిది వేరే వాదన. వాడికి పాటలంటే ప్రాణం, అందుకే వాడి మాట ఎక్కువ గుచ్చుకుంది. "మామా, ఒరిజినల్ నా ఫోన్లనే ఉన్నది గదా. బాలు పాడిందే. అక్కడ ఇంకెవలో పాడుతరు. నకలు సూసెటందుకు రెండు వందల కిలోమీటర్లు ఎందుకు?" దీనికి చటుక్కున జవాబు దొరకదు. చరణ్ తండ్రి పాటలు బాగా పాడతాడు, ఈ తరంలో మంచి గొంతులున్నాయి అనొచ్చు. కానీ వాడు అడిగింది అది కాదని నాకూ తెలుసు.

అమ్మ మధ్యలో, "ఒగ్గుకథకు ఎన్నడన్న టికెట్టు వెట్టిండ్రా?" అంది. ఆ మాట అని లేచి వెళ్లిపోయింది గానీ, నా బుర్రలో అదే తిరిగింది. నిజమే. మా వైపు మల్లన్న కథో, బీరప్ప కథో, ఎల్లమ్మ కథో పెట్టిస్తే రాత్రంతా నడుస్తుంది. కథకుడు ముసలివాడే ఉంటాడు. తెల్లారుజామున గొంతు బొంగురుపోతుంది, పదం సగంలో ఆగుతుంది. వెంటనే వంతపాటవాళ్లు అందుకుంటారు, డోలు మోగుతుంది, ఆయన ఊపిరి పీల్చుకుని మళ్లీ లేస్తాడు. జనగామ దగ్గరి మాణిక్యాపురం చుక్క సత్తయ్య 2017లో పోయేదాకా ఒగ్గుకథకు పెద్ద దిక్కు. ముసలితనంలో ఆయన కథ విన్నవాళ్లెవరూ 'గొంతు పోయింది, దండుగ' అనగా నేను వినలేదు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాంలకు వచ్చిన గాయకులదీ అదే తీరు. గొంతు జీరబోతే జనమే పాడేవాళ్లు. టికెట్టు లేదు కాబట్టి కొలత లేదు. ముందు వరసకు ఒక రేటు, వెనక వరసకు ఒక రేటు పెట్టిన మరుక్షణం, మనిషి వినడం మానేసి తూకం వేస్తాడు. ఎరీనాల మీద నాకున్న అసలు కోపం ఇదే, గాయకుల వయసు మీద కాదు.

తర్వాతి ఏడు ఈ మాటనే మా ఆఫీసులో ఒక తెల్ల జుట్టు ఇంజనీరుతో చెప్పాను. 2024 మేలో రాక్ బ్యాండు రోలింగ్ స్టోన్స్ వాళ్లు న్యూజెర్సీలోనే మెట్‌లైఫ్ స్టేడియంలో పాడారు. ఆ యాత్రకు స్పాన్సరు ఏఏఆర్‌పీ, అంటే యాభై దాటినవాళ్ల కోసం పనిచేసే సంఘం. ఆయన వారమంతా పోవాలా వద్దా అని కొట్టుకున్నాడు. వాళ్ల గాయకుడు మిక్ జాగర్‌కు అప్పటికి ఎనభై. డ్రమ్ములు వాయించే చార్లీ వాట్స్ 2021లో పోయాడు. చార్లీ లేని స్టోన్స్ స్టోన్సేనా అని అడుగుతుంటే నాకు మా మేనల్లుడే కనిపించాడు. కానీ ఆయన ప్రశ్నా మా బావ ప్రశ్నా ఒకటి కాదని అప్పుడే తట్టింది. జాగర్, ఇళయరాజా ఇద్దరూ 1943లోనే, రెండు నెలల లోపు తేడాలో పుట్టారు. ఒకరు జూన్, ఒకరు జూలై. జాగర్ కచేరీ అంటే జాగర్ ఒళ్లు. ఆయన వేదిక ఈ కొస నుంచి ఆ కొసకు పరుగెత్తాలి, అరవాలి. అది తగ్గితే టికెట్టు తగ్గినట్టే. రాజాకు పరుగుతో పనిలేదు. ఆయన చేసింది కాగితం మీద స్వరం రాయడం. వయొలిన్ వాళ్ల ముందు స్టాండు మీద పెట్టిన ఆ కాగితానికి వయసు లేదు.

ఇక మేనల్లుడి ఫోను సంగతి. భూపాలపల్లిలో మేం రాజాను ఎట్లా విన్నామో వాడికి తెలియదు. బాయిలు తెరుచుకుని, క్వార్టర్లు లేచి, ఊరు పెరుగుతున్న రోజులవి. హన్మకొండ నుంచి తెచ్చిన క్యాసెట్టు, ఒక్క స్పీకరున్న టేపు. ఆ క్యాసెట్టు చేతులు మారీ మారీ, రీలు నలిగి, చివరికి పెన్సిలు పెట్టి తిప్పుకునే దశకు వచ్చేది. అందులో మాకు వినిపించింది గొంతు, కొంచెం వేణువు, తబలా. కింద నడిచే బేస్ గిటారు మాకు అసలు చేరనే లేదు. రాజా పాటలో సగం పని అక్కడే ఉంటుంది. గొంతు ఒక దారిన పోతుంటే బేస్ గిటారు దాని కింద ఇంకో పాటే పాడుతుంటుంది. నాకది అమెరికా వచ్చాక మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు మొదటిసారి తెలిసింది. చిన్నప్పటి నుంచి కంఠస్థం అనుకున్న పాటలో సగం నేను విననే లేదన్నమాట! మేనల్లుడి ఫోను స్పీకరూ ఆ టేపు చెల్లెలే. వాడి దగ్గర ఉన్నది బాలు ఒరిజినల్, అది ఒప్పుకుంటాను. రాజా ఒరిజినల్ మాత్రం వాడి ఫోనులో నుంచి ఇంకా బయటికి రాలేదు.

అందుకే ఇట్లాంటి కచేరీకి పాత రోజులు గుర్తు చేసుకోవడానికి పోతే డబ్బు దండుగ అనిపిస్తుంది. ఆ పనికి ఫోను చాలు, ఇంట్లో మంచం చాలు. వినని సగం వినడానికి పోవాలి. బాలు లేని లోటు తీరదు. దాని మీద వాదన కూడా అక్కర్లేదు.

మొత్తానికి 26న బయల్దేరాం. బావ ప్లేడే వదులుకున్నాడు, ఆ సంగతి రేగొండ, పరకాల, హన్మకొండ, జనగామ నాలుగు చోట్లా గుర్తు చేశాడు. హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి గచ్చిబౌలి చేరేసరికి, అదే దూరంలో సగం మళ్లీ పోయినట్టయింది. మావి వెనక కుర్చీలు. వేదిక మీది మనుషులు అగ్గిపుల్లలంత కనిపించారు, ముఖాలు తెర మీదే. తెరనే చూడాలంటే ఇంట్లో టీవీ ఉంది గదా అని మేనల్లుడు సణిగాడు. నాకూ అనిపించింది. కానీ కచేరీ నడిచేకొద్దీ వాడి ప్రశ్నలు మారాయి. మామా, ఈ పాటలో ఈ ముక్క ఇంతకుముందు ఉన్నదా? ఉంది. ఇదీ ఉన్నదా? ఉంది. గాయకుల మీద వాడికి ఫిర్యాదులు చివరిదాకా ఉన్నాయి, కొన్ని సరైనవే. ఒకరిద్దరు పల్లవి దాటగానే బాలును అనుకరించబోయి ఇరుక్కున్నారు.

బావ పాటలు విన్నాడో లేదో గానీ వయొలిన్ వరసనే చూస్తూ కూర్చున్నాడు. "గంత మంది చేతులు ఒక్కసారే లేస్తున్నయి, ఒక్కసారే దిగుతున్నయి. మా షిఫ్టుల పది మందిని గిట్ల నడిపిస్తే బొగ్గు ఎట్లెల్తదో" అన్నాడు. రాజా గురించి ఆ రాత్రి ఆయన అన్న మంచి మాట అదొక్కటే.

ఇప్పుడు ఎడిసన్‌లో ఎవరైనా ఫలానా పెద్దాయన కచేరీ వస్తోంది, పోవచ్చా అని అడిగితే, వాద్యకారులు ఎంతమంది వస్తున్నారో కనుక్కోమంటాను. ట్రాకు పెట్టి పైన గొంతు కలిపే కచేరీ అయితే ఇంట్లోనే ఉండమంటాను, గాయకుడు పాతికేళ్లవాడైనా సరే. నిండు ఆర్కెస్ట్రా వస్తే పొమ్మంటాను. ముందు వరసలు అక్కర్లేదు, అక్కడ స్పీకర్లు ఒక పక్క చెవినే కొడతాయి. నడిమి వరసల్లో, సౌండు కలిపే మనిషి బల్ల పెట్టుకుని కూర్చునే చోటుకు దగ్గరలో దొరికితే తీసుకోండి. ఆ మనిషికి ఎట్లా వినిపిస్తే కచేరీ అట్లా నడుస్తుంది. అక్కడ టికెట్టు ఎక్కువైతే వెనక్కి పోవచ్చు, ముఖం చూసే పని లేనివాళ్లకు నష్టం లేదు.

బావ మాత్రం నేను తనకు ఇంకా ఒక ప్లేడే బాకీ ఉన్నాననే అంటున్నాడు. ఫోను చేసినప్పుడల్లా అడుగుతాడు. వడ్డీ కూడా కలుపుతున్నాడు.